టీచర్ ఉద్యోగం: పరువెంత, బతుకెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదేళ్లు ప్రైవేటు స్కూళ్లలో చెప్పాను. 2018 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ పోస్టుల భర్తీ పరీక్షలో, ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) ఎంపికయ్యాను. పోస్టింగ్ చేతికొచ్చేసరికి 2020 చివరికొచ్చింది. ఇప్పుడు ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. బంధువులు, పాత స్టూడెంట్లు, డీఎస్సీకి చదివే పిల్లలు ఫోన్ చేసి అడిగేవన్నీ ఒక చోట రాశాను.

“బతకలేక బడిపంతులు” అన్న మాట ఎందుకొచ్చింది?

ఆ మాట వెనక నిజమైన ఆకలి ఉంది. వీధిబడి రోజుల్లో పంతులుకి నెల జీతమంటూ ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే గింజలు, పెరట్లో కాసిన కూరగాయలు, పండక్కి ఎవరైనా పెట్టే పంచె, వాటితోనే సంసారం నడిచేది. దసరాకి పంతులుగారు పిల్లల చేతికి రంగు కాగితాలు అంటించిన విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుకి నాలుగు డబ్బులు. మనం దాన్ని సంబరంగా గుర్తుపెట్టుకున్నాం. కానీ ఏడాది మొత్తంలో ఆయన కాస్త నగదు కళ్లజూసేది ఆ నాలుగు రోజుల్లోనే.

సర్కారు జీతాలు వచ్చాక కూడా ఆ వాసన పూర్తిగా పోలేదు. 1980లలో ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. పాత టీచర్లను అడిగితే “మేం 398 వాళ్లం” అంటారు, ఆ అంకే వాళ్ల ఇంటిపేరైపోయింది. ఆ సర్వీసును లెక్కలో కలపాలని, ఇంక్రిమెంట్లు ఇవ్వాలని వాళ్లు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు.

పిలుపులో మాత్రం ఎప్పుడూ లోటు లేదు. కోస్తాలో మాస్టారు, తెలంగాణలో సారు, సీమలో అయివారు. ఎదురొస్తే సైకిలు దిగి నమస్కారం పెట్టేవాళ్లు. అదే మనిషికి పిల్లనివ్వాల్సి వస్తే మాత్రం నాలుగుసార్లు ఆలోచించేవాళ్లు.

ఇప్పుడు కూడా ఆ మాట చెల్లుతుందా?

సగం మందికి చెల్లదు, సగం మందికి అచ్చంగా చెల్లుతుంది. గవర్నమెంట్ టీచర్ అంటే ఇవాళ పల్లెల్లో పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయి. ప్రైవేటు టీచర్‌కి బ్యాంకు లోను కూడా పుట్టదు. ఇద్దరూ చెప్పేది అదే గుణింతం, అదే ఎక్కం.

నా సంగతే చెబుతాను. మా వీధి చివర కిరాణా కొట్టులో నాకు ఖాతా ఉండేది. 2020 వేసవిలో బళ్లు మూతపడి జీతం ఆగిపోయినప్పుడు ఆ కొట్టాయన పుస్తకం తెరిచి, నా పేజీ మీద వేలు పెట్టి, “ఏమ్మా, ఇది ఎప్పుడు చూస్తావు?” అన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకూ పెట్టుబడి ఉంటుంది. అదే ఏడాది చివర్లో పోస్టింగ్ వచ్చింది. సంక్రాంతికి సరుకులకు వెళితే లోపల్నుంచి స్టూలు తెప్పించి “కూర్చోండి మేడం” అన్నాడు. ఆ కొద్ది నెలల్లో నాకు కొత్తగా వచ్చిన చదువేమీ లేదు. నా పాఠం మారలేదు. మారింది ఒక్క ఆర్డరు కాగితం.

అందుకే నన్నడిగితే ఇవాళ మన సమాజంలో గౌరవం పోస్టుకి ఉంది, పాఠానికి లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. కింది ప్రశ్నల్లో సగం ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి.

డీఎస్సీకి ఇంత పోటీ ఎందుకు?

ఎందుకంటే డిగ్రీ, ట్రైనింగ్ ఉన్న మామూలు ఇంటి పిల్లలకు సొంత జిల్లాలో దొరికే గవర్నమెంట్ కొలువుల్లో పెద్ద సంఖ్యలో పడేవి ఇవే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు వేస్తే మూడు లక్షల ముప్పై వేలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు. పరీక్షలు జులై, ఆగస్టుల్లో జరిగితే అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. అంత త్వరగా పూర్తవడం చాలా అరుదు.

అసలు టెన్షన్ పోటీ వల్ల కాదు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం వల్ల. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ ఉపాధ్యాయ నియామకాలు జరిగింది 2024లోనే. ఆంధ్రాలో 2018 తర్వాత 2025. ఏడేళ్లంటే ఒక మనిషి యవ్వనం. ఆ ఏడేళ్లూ కోచింగ్ సెంటర్లుండే అవనిగడ్డలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక చిన్న గదిలో నలుగురు కలిసి వండుకుని తింటూ, “ఈసారి వస్తుందట” అన్న వార్త విన్నప్పుడల్లా మళ్లీ మొదటి పేజీ తిప్పుతూ గడిపినవాళ్లు నాకు తెలుసు.

జీతం నిజంగా ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ (జీతాల సవరణ) ప్రకారం ఎస్‌జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970. స్కూల్ అసిస్టెంట్‌కి, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచర్‌కి, 44,570 నుంచి 1,27,480. తెలంగాణలో 2020 పీఆర్సీ ప్రకారం ఎస్‌జీటీకి 31,040 నుంచి 92,050, స్కూల్ అసిస్టెంట్‌కి 42,300 నుంచి 1,15,270. దీనిమీద డీఏ (కరువు భత్యం), హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కలుస్తాయి, సీపీఎస్ (జీతంలోంచి కోసే కొత్త పెన్షన్ పథకం), ఇతర కోతలు పోతాయి. పల్లెలో కొత్తగా చేరిన ఎస్‌జీటీ చేతికి నలభై వేలకు అటూ ఇటూ వస్తుంది. “టీచర్లకు లక్షల్లో జీతాలు” అని మీరు వినేది ఇరవై, ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్ల సంగతి.

పెన్షన్ ఉందా?

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. బేసిక్, డీఏల మీద పది శాతం ప్రతి నెలా సీపీఎస్‌కి పోతుంది, మిగిలింది మార్కెట్ మీద ఆధారం. 2003 డీఎస్సీ రాసినవాళ్ల గోడు వినండి: నోటిఫికేషన్ పాత పెన్షన్ ఉండగానే వచ్చింది, ఉద్యోగంలో చేరేసరికి గడువు దాటిపోయింది. వాళ్లు పాత పెన్షన్ కోసం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. అడగడం న్యాయమే అని నా అభిప్రాయం.

రిటైర్మెంట్ ఆంధ్రాలో 62, తెలంగాణలో 61.

డీఎడ్ చేయాలా, బీఎడ్ చేయాలా?

చిన్నపిల్లలకు చెప్పాలనుకుంటే డీఎడ్. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఎడ్‌తో ప్రాథమిక తరగతులకు, అంటే ఎస్‌జీటీ పోస్టుకు, అర్హత లేదు. ఇది తెలియక బీఎడ్‌లో చేరి, తర్వాత ఎస్‌జీటీ ఖాళీలు చూసి ఏడ్చిన పిల్లలున్నారు. ఉన్నత పాఠశాలలో సబ్జెక్టు చెప్పాలనుకుంటే డిగ్రీ, ఆపైన బీఎడ్. ఇంటర్ తర్వాత నేరుగా చేరే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు కూడా వచ్చింది, డిగ్రీ, బీఎడ్ కలిపి అయిపోతాయి. దానికి ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇక్కడో మాట చెప్పాలి. మనలో మనకే ఒక మెట్ల వరస ఉంది. ఇంటర్ లెక్చరర్ పైమెట్టు, హైస్కూల్ టీచర్ నడిమెట్టు, ఒకటో తరగతి టీచర్ కింది మెట్టు. పెళ్లిళ్లలో “ఎస్‌జీటీయా, స్కూల్ అసిస్టెంటా?” అని అడిగి మరీ కుర్చీ చూపిస్తారు. శాసనమండలికి టీచర్ల నియోజకవర్గం ఉంది కదా, అందులో ఓటు సెకండరీ స్కూలు, ఆపై స్థాయిలో మూడేళ్లు చెప్పినవాళ్లకే. ప్రాథమిక పాఠశాల టీచర్‌కి ఆ ఓటు లేదు. పిల్లాడికి మొదటి అక్షరం దిద్దించిన మనిషి ఆ లెక్కలో టీచర్ కిందకి రాడు. ఈ వరస తలకిందులు కావాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మూడో తరగతి దాటేలోపు చదవడం రాని పిల్లాడికి పదో తరగతిలో ఎంత గొప్ప సైన్సు సార్ ఉన్నా ఒరిగేది తక్కువ.

టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టేనా?

కాదు, టెట్ అంటే టీచర్ అర్హత పరీక్ష, అది గేటు మాత్రమే. 150 మార్కుల పేపరు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, పాసైనా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తారు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలన్నారు. యాభై ఏళ్ల వయసులో మా స్టాఫ్‌రూముల్లో మళ్లీ సైకాలజీ పుస్తకాలు తెరిచారు.

డీఎస్సీ వచ్చేదాకా ప్రైవేటు స్కూల్లో చేరితే ఎలా ఉంటుంది?

పాఠం చెప్పడం అక్కడే నేర్చుకున్నాను, ఆ మాట దాచను. నలభై మంది పిల్లల్ని గొంతు చించుకోకుండా కూర్చోబెట్టడం, బోర్డు మీద వంకర లేకుండా రాయడం, తల్లిదండ్రులతో నెమ్మదిగా మాట్లాడటం, అన్నీ ఆ ఎనిమిదేళ్ల చలవే.

కానీ మిగతా సంగతులు కూడా తెలిసి చేరండి. నేను మొదట చేరిన చోట ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకున్నారు, మధ్యలో మానకుండా. జీతం పదినెలలకే. ఏప్రిల్, మేలలో పాఠాలు ఉండవు కాబట్టి జీతం ఉండదు, కానీ పని ఉంటుంది. అడ్మిషన్ల క్యాంపెయిన్ అంటారు. ఒక్కొక్కరికీ ఇంతమంది పిల్లల్ని తేవాలని టార్గెట్. చేతిలో కరపత్రాల కట్ట, తలమీద చున్నీ, రోహిణి కార్తె ఎండలో వీధివీధీ తిరగాలి. ఒక ఇంట్లో నా పాత స్టూడెంట్ తలుపు తీశాడు. “అమ్మా, మా మేడం” అని లోపలికి పరిగెత్తాడు. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చి, కరపత్రం తీసుకుని, “మీరే తిరగాలా మేడం ఇవి పంచడానికి?” అంది. ఆ పిల్లాడు నన్నే చూస్తున్నాడు. వాడి ముందు నా చేతిలో సుద్దముక్కే ఉండాలనిపించింది ఆ క్షణాన.

కరోనాలో ఆ బతుకు ఎంత పలచనో అందరికీ కనబడింది. బళ్లు మూతపడగానే కూరగాయలు అమ్మినవాళ్లు, కూలికి వెళ్లినవాళ్లు, అరటిపళ్ల బండి తోసినవాళ్లు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు టీచర్లకు కొన్ని నెలలు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఎంఎస్సీ, బీఎడ్ చదివిన మనిషికి రేషన్ బియ్యం దిక్కయిందంటే, అప్పటిదాకా ఆ మనిషి చేతిలో ఏమీ మిగలలేదనే కదా అర్థం.

చేరేటప్పుడు అడగాల్సినవి అడగండి: ఒరిజినల్స్ తీసుకుంటారా, పన్నెండు నెలలూ జీతం ఉందా, పీఎఫ్ కడతారా, జీతం బ్యాంకులో వేస్తారా. “కాగితం మీద ఒకటి, చేతికి ఒకటి” అంటే ఆలోచించుకోండి. సర్టిఫికెట్ల జిరాక్సులు మాత్రమే ఇవ్వండి.

కార్పొరేట్ కాలేజీల్లో లెక్చరర్లకు లక్షల్లో ఇస్తారట, నిజమేనా?

ఐఐటీ, నీట్ బ్యాచ్‌లకు చెప్పే కొద్దిమంది సీనియర్లకు నిజమే. ఫిజిక్స్, మ్యాథ్స్ బాగా వచ్చినవాళ్లకు హైదరాబాద్, విజయవాడల్లో మంచి గిరాకీ ఉంది. అదే క్యాంపస్‌లో స్టడీ అవర్స్ చూసే జూనియర్ లెక్చరర్ జీతం అడిగి చూడండి. రాత్రి పదింటి దాకా డ్యూటీ, రిజల్ట్స్ రాకపోతే మాటలు. లక్షల జీతం చూసి ఈ వైపు రావద్దు.

అమ్మాయిలకు టీచర్ ఉద్యోగం సేఫ్ అంటారు కదా?

అది ప్రేమతో అనే మాటే, కానీ నాకు నచ్చదు. “సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చేస్తుంది, వంట చేస్తుంది, సెలవులుంటాయి” అని లెక్కేసి అమ్మాయిని బీఎడ్‌లో చేర్పిస్తారు. దేశంలో ఇప్పుడు కోటి మందికి పైగా బడి టీచర్లున్నారు, అందులో సగానికి పైగా ఆడవాళ్లు. ఆ పనిని “ఇంటికి వీలుగా ఉండే పని” అన్నప్పుడల్లా దాని విలువ తెలియకుండానే తగ్గిస్తున్నాం. ప్రైవేటు యాజమాన్యాలు తక్కువ జీతం ఇవ్వగలగడానికి ఇదే ఆసరా. “ఆయన సంపాదిస్తున్నారు కదా మేడం” అన్న మాట జీతం పెంచమన్న ప్రతిసారీ విన్నాను.

సేఫ్ అనేది కూడా ఊరిని బట్టి. మొదటి పోస్టింగ్ చాలామందికి బస్సు దిగాక మూడు నాలుగు కిలోమీటర్లు ఆటో కూడా లేని చోట పడుతుంది. అందుకే బదిలీల కౌన్సెలింగ్‌లో స్పౌజ్ పాయింట్ల (భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇచ్చే పాయింట్ల) కోసం అంత తాపత్రయం. తెలంగాణలో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 317 జీవో కింద భార్య ఒక జిల్లాకి, భర్త ఒక జిల్లాకి అయిన టీచర్ల కష్టం చూసినవాళ్లెవరూ దీన్ని తేలిక ఉద్యోగం అనరు.

సర్కారు బడిలో పాఠం కన్నా వేరే పనులే ఎక్కువట?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది: జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్‌ని పంపకూడదు. అమలు వేరేగా ఉంటుంది. 2024 నవంబరులో తెలంగాణ కుల సర్వేకి 36 వేలకు పైగా ఎస్‌జీటీలను పంపారు. ఆ రోజుల్లో ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. ఆంధ్రాలో కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా మాదే.

ఒక మామూలు రోజు చెబుతాను. బడికి రాగానే ముఖం చూపించి నా హాజరు. తర్వాత పిల్లల హాజరు. నెట్‌వర్క్ లేకపోతే వేపచెట్టు కింద ఒక మూలకి వెళ్లి ఫోన్ పైకెత్తి నిలబడాలి. తర్వాత భోజనం ఎంతమందికి, గుడ్లు ఎన్ని. ఇవన్నీ అయ్యేసరికి మొదటి పీరియడ్‌లో సగం కరిగిపోతుంది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని మేడం కోసం చూస్తుంటారు. గుడ్డు లెక్క ముఖ్యమే, పిల్లాడి కడుపు నిండాలి. ఆ లెక్క రాయడానికి ఇంకో మనిషిని ఇవ్వమనే మేం అడిగేది.

గవర్నమెంట్ టీచర్లే తమ పిల్లల్ని ప్రైవేటులో చదివిస్తారు కదా, ఇక గౌరవం ఎలా?

ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పను. ఇది మా వృత్తి మీద ఉన్న పెద్ద మచ్చ. మా అమ్మాయి ఐదో తరగతి దాకా నా బడిలోనే చదివింది, తర్వాత ఆ ఊళ్లో ఉన్నత పాఠశాలకి వెళ్లింది. తోటి టీచర్లే “ఎందుకు రిస్కు?” అన్నారు. మనం వండింది మనం తినకుండా ఊరందరికీ వడ్డిస్తే ఎవరు నమ్ముతారు? అయితే రెండు తరగతులకు ఒకే టీచర్‌ని ఇచ్చి, ఆ టీచర్‌ని సర్వేకి పంపించి, తర్వాత నమ్మకం లేదని ఆమెనే తిట్టడం కూడా న్యాయం కాదు.

గవర్నమెంట్ టీచర్ ట్యూషన్లు చెప్పొచ్చా?

చెప్పకూడదు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం నిషేధం.

ప్రమోషన్లు ఉంటాయా?

ఉంటాయి, నిదానంగా. ఎస్‌జీటీ నుంచి ప్రాథమిక పాఠశాల హెచ్ఎం (హెడ్మాస్టరు) లేదా స్కూల్ అసిస్టెంట్, అక్కణ్నుంచి గెజిటెడ్ హెచ్ఎం. కోర్టు కేసులతో ఏళ్లకేళ్లు ఆగిపోవడం మామూలే. చేరిన పోస్టులోనే రిటైరైన ఎస్‌జీటీలు ప్రతి మండలంలో ఉన్నారు.

మరి ఇన్ని ఇబ్బందులున్నా ఈ పనిలో ఎందుకున్నారు?

మా మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తు కనబడితే మాత్రం ఆగిపోయేవాడు. తెలుగులో చాలామంది పిల్లలు ఇరుక్కునేది అక్కడే. అమ్మ, అక్క, అన్న అని రోజూ చూసే పదాలు కూడా పుస్తకంలో కనబడితే నోరు పెగిలేది కాదు. నాలుగు నెలలు మధ్యాహ్నం భోజనం తర్వాత పావుగంట వాడితో కూర్చున్నాను. ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడ్డాం. పల్లెవెలుగు వచ్చింది. వాడు దాని నుదుటి మీద రాసింది చూస్తూ “ప... ప... పల్... లె...” అని, “పల్లెవెలుగు!” అని అరిచాడు. తర్వాత బస్సు పక్కకి పరిగెత్తి ఏది కనబడితే అది చదువుతున్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, వాడికి వినబడటం లేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర పిల్లల కోసం వాళ్ల భాషే నేర్చుకుని, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆయన పోస్టు పెద్దదేమీ కాదు.

సాఫ్ట్‌వేర్ వదిలేసి మా అబ్బాయి టీచింగ్ అంటున్నాడు. ఏం చెప్పాలి?

ఒక నెల ఏదైనా బడిలో పాఠం చెప్పి చూడమనండి. సాయంత్రానికి గొంతు పోయినా మర్నాడు పొద్దున్నే వెళ్లాలనిపిస్తే చేయనివ్వండి. జీతం సగానికి పైగా తగ్గుతుందని ముందే కూర్చోబెట్టి లెక్క చూపించండి. “నలుగురు ఏమనుకుంటారు” అనేది మాత్రం వాడి మీద పెట్టకండి.

డీఎస్సీ కోసం ఎన్నేళ్లు ఆగొచ్చు?

1998 డీఎస్సీలో క్వాలిఫై అయినవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగం వచ్చింది 2023లో, అదీ మినిమం టైమ్ స్కేలు (స్కేలులో కనీస జీతం) మీద కాంట్రాక్టు పద్ధతిలో. పాతికేళ్లు. జుట్టు నెరిసి, మనవళ్లను ఎత్తుకునే వయసులో చాక్‌పీస్ పట్టుకున్నారు. వాళ్లను చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది, మీకు మాత్రం ఆ గతి పట్టకూడదు. రెండు నోటిఫికేషన్ల దాకా గట్టిగా చదవండి. ఈలోగా సీటెట్ (కేంద్రం పెట్టే టెట్), గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, మోడల్ స్కూళ్లు, ఏదీ వదలొద్దు. చేతిలో ఏదో ఒక సంపాదన ఉంచుకునే చదవండి.

తల్లిదండ్రులుగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. సెప్టెంబరు 5న పూలు, పెన్నులు పంపిస్తారు, సంతోషమే. జూన్‌లో ఫీజు కట్టేటప్పుడు కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న కూడా అడగండి: మా పిల్లాడికి చెప్పే మేడంకి నెలకి ఎంతిస్తున్నారు, వేసవి రెండు నెలలూ ఇస్తున్నారా? ఒక్కరు అడిగితే కసురుకుంటారు. పదిమంది అడిగితే లోపల మేనేజ్‌మెంట్‌కి చెప్పాల్సి వస్తుంది.